డైనమిక్ లైబ్రరీలోని అన్యభాషా ఫంక్షన్లను పిలవడం

ఒక ప్రోగ్రామింగ్ భాషలో వ్రాసిన ప్రోగ్రాము, వేరొక భాషలో వ్రాసి యంత్రభాషలోకి మార్చి ఉంచిన లైబ్రరీని, తాను నడుస్తున్న సమయంలోనే మెమరీలోకి తెచ్చుకొని, అందులోని ఫంక్షన్లను (ప్రమేయాలను) తన సొంత ఫంక్షన్లవలె వాడుకొనడాన్ని అన్యభాషా ఫంక్షన్ పిలుపు అంటారు. ఇందుకు వీలు కల్పించే ఏర్పాటును ఫారిన్ ఫంక్షన్ ఇంటర్‌ఫేస్ అని, క్లుప్తంగా ఎఫ్ఎఫ్ఐ అని వ్యవహరిస్తారు. ఆ విధంగా అవసరమైనప్పుడు మెమరీలోకి వచ్చే లైబ్రరీ విండోస్‌లో డీఎల్ఎల్ ఫైలుగాను, లినక్స్‌లో ఎస్ఓ ఫైలుగాను, మ్యాక్‌లో డైలిబ్ ఫైలుగాను ఉంటుంది.

ఇది నిపుణులకు మాత్రమే సంబంధించిన విషయంగా కనిపించినా, ఫోనులో ఒక తెలుగు వాక్యం కనిపించిన ప్రతిసారీ తెర వెనుక జరిగేది ఇటువంటి పిలుపే. సందేశాలు పంపే అప్లికేషనుకు తెలుగు ఒత్తులను ఎక్కడ పెట్టాలో తెలియదు. ఆ సంగతి తెలిసిన లైబ్రరీ వేరొకటి ఉంటుంది. అప్లికేషను దానిని పిలుస్తుంది.

నేపథ్యం

ఒకే పని చేసే కోడును ప్రతి ప్రోగ్రాములోనూ విడివిడిగా చేర్చడం వలన డిస్కులోను, మెమరీలోను చాలా స్థలం వృథా అయ్యేది. లైబ్రరీని ఒకేచోట ఉంచి, ప్రోగ్రాము నడిచే సమయంలో దానితో ముడివేసే పద్ధతి 1960లలో రూపొందిన మల్టిక్స్ ఆపరేటింగ్ సిస్టములోనే కనబడుతుంది. 1985లో వెలువడిన విండోస్ మొదటి వెర్షనులో డీఎల్ఎల్ ఫైళ్ళు ఉన్నాయి. యూనిక్స్ కుటుంబంలో సన్ సంస్థ 1980ల చివర తన సన్‌ఓఎస్‌లో ఈ సౌకర్యాన్ని ప్రవేశపెట్టింది. ఆ తరువాత అది ఇతర యూనిక్స్‌లకు, లినక్స్‌కు వ్యాపించింది.

పైథాన్, జావా, రూబీ వంటి భాషలు ప్రచారంలోకి వచ్చేనాటికి గణితం, చిత్రాలు, ఫాంట్లు, డేటాబేసులకు సంబంధించిన మంచి లైబ్రరీలు అప్పటికే సీ, ఫోర్‌ట్రాన్ భాషలలో పేరుకుపోయి ఉన్నాయి. వాటినన్నింటినీ మళ్ళీ వ్రాయడం సాధ్యమయ్యే పని కాదు. కనుక వాటిని ఉన్నవి ఉన్నట్లుగా పిలుచుకొనే మార్గం కావలసి వచ్చింది.

పని జరిగే విధానం

మొదటి మెట్టు లైబ్రరీని తెరవడం. లినక్స్‌లో డీఎల్‌ఓపెన్, విండోస్‌లో లోడ్‌లైబ్రరీ అనే ఫంక్షన్లు ఈ పని చేస్తాయి. ఇవి ఫైలును వెదకి, దానిని పిలిచిన ప్రోగ్రాముకు చెందిన మెమరీలోనే ఉంచుతాయి. లైబ్రరీకి వేరే ఇల్లంటూ ఉండదు. పిలిచినవారి ఇంట్లోనే కాపురం. ఈ అంశం ముందుముందు చాలా ముఖ్యం.

రెండవ మెట్టు పేరునుబట్టి చిరునామా తెలుసుకొనడం. డీఎల్‌సిమ్ (విండోస్‌లో గెట్‌ప్రాక్‌అడ్రస్) అనే ఫంక్షనుకు కావలసిన ఫంక్షను పేరు చెప్పితే, అది మెమరీలో ఎక్కడ మొదలవుతుందో తెలియజేసే ఒక సంఖ్య తిరిగి వస్తుంది. విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. వచ్చేది చిరునామా మాత్రమే. ఆ ఫంక్షను ఎన్ని విలువలు కోరుతుంది, అవి పూర్ణాంకాలా, దశాంశ సంఖ్యలా, పదాలా, ఫలితంగా ఏమి ఇస్తుంది అన్న వివరాలేవీ ఆ సంఖ్యతోపాటు రావు. సాధారణ సీ లైబ్రరీ ఫైలులోని పేర్ల పట్టికలో అవి ఉండనే ఉండవు. వాటిని ప్రోగ్రామరు లైబ్రరీ వివరణ పత్రం చదివి స్వయంగా ప్రకటించాలి.

మూడవ మెట్టు అసలు పిలుపు. విలువలను లైబ్రరీ ఎదురుచూసే చోట్లలో పెట్టి, ఆ చిరునామాకు దూకి, ఫలితాన్ని అది ఉండవలసిన చోటు నుండి తీసుకొనాలి. ఏ విలువ ఎక్కడ ఉండాలన్న ఒప్పందాన్ని పిలుపు సంప్రదాయం అంటారు. 64 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసర్లపై లినక్స్‌లో మొదటి ఆరు పూర్ణాంకాలు ఆరు నిర్ణీత రిజిస్టర్లలో వెళ్తాయి. అదే ప్రాసెసరుపై విండోస్‌లో నాలుగు మాత్రమే రిజిస్టర్లలో వెళ్తాయి. ఆ రిజిస్టర్ల వరుస కూడా వేరు. దశాంశ సంఖ్యలకు రెండింటిలోనూ ప్రత్యేక రిజిస్టర్లున్నాయి.

వర్గమూలం కనుగొనే సీ ఫంక్షను దీనికి తేలికైన ఉదాహరణ. అది తన విలువను దశాంశ సంఖ్యల రిజిస్టరులో వెదుకుతుంది. పిలిచేవారు 4 అనే అంకెను పూర్ణాంకంగా పంపితే అది వేరే రిజిస్టరులో కూర్చుంటుంది. లినక్స్‌లో ఆ ఫంక్షను దశాంశ రిజిస్టరులో అంతకుముందు మిగిలి ఉన్న ఏదో సంఖ్యకు శ్రద్ధగా వర్గమూలం కట్టి ఇస్తుంది. పిలిచినవారు జవాబును కూడా పూర్ణాంకాల రిజిస్టరులో చూస్తే, ఆ తప్పుడు వర్గమూలం కూడా దక్కదు.

పూర్వపు నెల్లూరు జిల్లా దక్షిణపు అంచున తడ, సూళ్ళూరుపేట ప్రాంతాలలో తెలుగు, తమిళం రెండూ వినిపిస్తాయి. అక్కడ ఒకరి మాట ఇంకొకరికి తెలియకపోతే తిరిగి అడుగుతారు. రెండు ప్రోగ్రామింగ్ భాషల నడుమ అటువంటి తిరుగు ప్రశ్న లేదు. పంపినదాన్ని లైబ్రరీ తనకు తెలిసిన అర్థంలోనే స్వీకరిస్తుంది.

సీ భాష స్థానం

పైథాన్ నుండి రస్ట్‌కు, జావా నుండి ఫోర్‌ట్రాన్‌కు నేరుగా దారి వేయడం అరుదు. దాదాపు అన్ని భాషలూ సీ భాష పిలుపు సంప్రదాయాన్నే అనుసంధాన భాషగా వాడుకొంటాయి. సీ ప్లస్‌ప్లస్‌లో ఒకే పేరుతో అనేక ఫంక్షన్లు ఉండవచ్చును గనుక కంపైలరు ప్రతి పేరుకూ ముందు వెనుకల గుర్తులు చేర్చి మారుస్తుంది. ఆ మార్చే పద్ధతి అన్ని కంపైలర్లలో ఒకటి కాదు. అందువలన సీ ప్లస్‌ప్లస్ లైబ్రరీలు సైతం తమ బయటి ముఖాన్ని సీ రూపంలో ప్రకటిస్తాయి. భారతీయ లిపులను తీర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఇందుకు చక్కని ఉదాహరణ. దాని లోపలి కోడు సీ ప్లస్‌ప్లస్, ఇతరులు పిలిచే ఫంక్షన్లు మాత్రం సీ.

కృష్ణపట్నం ఎన్ని అక్షరాలు?

నెల్లూరు తీరాన ఉన్న ఓడరేవు కృష్ణపట్నం. ఈ పేరు పొడవు ఎంత అని పైథాన్ నుండి సీ లైబ్రరీని అడిగితే ఏమవుతుందో చూడటం ఉపయోగకరం.

బడిలో నేర్పిన లెక్క ప్రకారం ఇందులో కృ, ష్ణ, ప, ట్నం అని నాలుగు అక్షరాలున్నాయి. యూనికోడ్ దీనిని క, ఋత్వం, ష, పొల్లు, ణ, ప, ట, పొల్లు, న, సున్న అని పది సంకేతాలుగా భద్రపరుస్తుంది. పైథాన్ సొంత లెక్కలో జవాబు 10. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి కనుక మొత్తం 30 బైట్లు.

సీ భాషలోని స్ట్ర్‌లెన్ అనే ఫంక్షను అక్షరాలను లెక్కించదు. మెమరీలో సున్న విలువగల బైటు తగిలేవరకు ఎన్ని బైట్లున్నాయో లెక్కిస్తుంది. పైథాన్‌లోని సీటైప్స్ అనే సాధనం ద్వారా, పేరును ముందుగా యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి ఈ ఫంక్షనుకు పంపితే 30 అని సరైన జవాబు వస్తుంది.

అలా మార్చకుండా, ఏ రకం విలువ పంపుతున్నదీ ప్రకటించకుండా పేరును యథాతథంగా పంపితే లినక్స్‌లో వచ్చే జవాబు 2. అదే ప్రోగ్రాము విండోస్‌లో 20 అంటుంది. రెండుచోట్లా ఏ హెచ్చరికా రాదు. కారణం ఇది: సీటైప్స్ ఆ పేరును వెడల్పు అక్షరాల వరుసగా మార్చి పంపుతుంది. లినక్స్‌లో ఒక వెడల్పు అక్షరానికి నాలుగు బైట్లు. 'క' యూనికోడ్ సంఖ్య 3093. అది మెమరీలో 21, 12, 0, 0 అని నాలుగు బైట్లుగా కూర్చుంటుంది. స్ట్ర్‌లెన్ రెండు బైట్లు దాటగానే సున్న కనిపించి ఆగిపోతుంది. విండోస్‌లో వెడల్పు అక్షరానికి రెండే బైట్లు గనుక, ఈ పది సంకేతాలలో ఎక్కడా సున్న బైటు తగలక, 20 వరకు పోయి ఆగుతుంది.

ఫంక్షను కోరేది బైట్ల వరుస అని ఒక్క మాట ముందే ప్రకటించి ఉంటే, సీటైప్స్ ఆ పేరును పంపకుండానే దోషం చూపి నిలిపివేసేది. ఆ ప్రకటన ఐచ్ఛికం కావడమే చిక్కు. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించి వదిలిన ప్రోగ్రాములలో మరొక రకమైన పొరపాటు దాగి ఉంటుంది. అక్కడ బైట్ల సంఖ్య, అక్షరాల సంఖ్య ఒకటే కావడం వలన రెండింటికీ తేడా ఉన్నదన్న సంగతే బయటపడదు. పది అక్షరాల పేరుకని పదకొండు బైట్ల స్థలం కేటాయించిన చోట, ఓడరేవు పేరును తెలుగులో వ్రాసేసరికి 31 బైట్లు కావలసి వస్తాయి. చాలని భాగం పక్కనున్న మెమరీ మీద పడుతుంది.

బడి లెక్కకు యంత్రం లెక్క దగ్గర పడటానికి చాలా కాలం పట్టింది. యూనికోడ్ అక్షర విభజన నియమాల ప్రకారం 2023 వరకు కృష్ణపట్నం ఆరు ముక్కలు; పొల్లు తరువాత ముక్క తెగిపోయేది. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో తెలుగుతోసహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదన్న నియమం చేరడంతో అది నాలుగయింది. లైబ్రరీ పాతదైతే జవాబు 6, కొత్తదైతే 4. పిలిచే ప్రోగ్రాములో ఒక్క వాక్యమూ మారనక్కరలేదు.

పట్టికలు, ఫోర్‌ట్రాన్

సంఖ్యల పట్టికలను పంపేటప్పుడు వేరొక ప్రమాదం ఉన్నది. సీ భాష పట్టికను అడ్డువరుసల క్రమంలో మెమరీలో ఉంచుతుంది. ఫోర్‌ట్రాన్ నిలువు వరుసల క్రమంలో ఉంచుతుంది. వాతావరణ, సముద్ర నమూనాలలో అధికభాగం ఫోర్‌ట్రాన్‌లోనే ఉన్నవి. అలల అంచనాకు పేరుపొందిన వేవ్‌వాచ్-3 కూడా అంతే. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం) మత్స్యకారులకు అలల ఎత్తును గూర్చి ముందస్తు సమాచారం ఇస్తుంది. అటువంటి సమాచారంతో ఒక ఊహాత్మక పట్టికను తీసుకొందాం.

మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె అని మూడు అడ్డువరుసలు. గంటకొకటి చొప్పున 24 నిలువు వరుసలు. సీ క్రమంలో మొదట మైపాడు అలల ఎత్తులు 24 వస్తాయి, తరువాత మిగిలిన రెండింటివి. ఈ మెమరీని ఏ మార్పూ లేకుండా ఫోర్‌ట్రాన్ ఫంక్షనుకు ఇచ్చి, 3 అడ్డువరుసలు, 24 నిలువు వరుసలు అని చెప్పితే, అది మొదటి మూడు సంఖ్యలను మొదటి గంటలో మూడు ఊళ్ళ అలల ఎత్తులుగా చదువుతుంది. నిజానికి ఆ మూడూ మైపాడువే. వచ్చిన ఫలితంలోని సంఖ్యలన్నీ అలల ఎత్తులవలెనే కనిపిస్తాయి గనుక చూసినవారికి అనుమానం రాదు. ప్రోగ్రాము ఆగిపోయే పొరపాటుకంటె ఇటువంటిదే ఎక్కువ కీడు చేస్తుంది. పైథాన్‌లోని నమ్‌పై లైబ్రరీ ప్రతి పట్టికతోపాటు దాని క్రమాన్ని కూడా గుర్తుపెట్టుకొని, అవసరమైతే ఫోర్‌ట్రాన్ క్రమంలోకి మార్చి ఇవ్వగలదు.

ఫోర్‌ట్రాన్ సాధారణంగా విలువలను కాక వాటి చిరునామాలను కోరుతుంది. జీఫోర్‌ట్రాన్ కంపైలరు పేర్ల చివర ఒక అడుగుగీత కూడా చేరుస్తుంది. ఫంక్షను ఉన్నా దొరకడం లేదన్న ఫిర్యాదులకు తరచు ఇదే కారణం. 2003 ప్రమాణంలో సీ భాషతో పొత్తు కుదిర్చే నియమాలు చేరిన తరువాత ఈ బాధ కొంత తగ్గింది.

పూర్ణాంకాల పరిమాణం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. సీ భాషలోని 'లాంగ్' 64 బిట్ల లినక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లు. ఫలితం రకాన్ని ప్రకటించకపోతే సీటైప్స్ దానిని సాధారణ పూర్ణాంకంగా, అంటే 4 బైట్లుగా భావిస్తుంది. ఫలితం ఒక మెమరీ చిరునామా అయితే 8 బైట్లలో సగం తెగిపోతుంది. 32 బిట్ల యంత్రాలపై ఏళ్ళ తరబడి బాగా నడిచిన ప్రోగ్రాములు 64 బిట్ల యంత్రాలపై కూలిపోవడానికి ఇది ఒక కారణం.

మెమరీ బాధ్యత

పైథాన్, జావా వంటి భాషలు అవసరం తీరిన మెమరీని తామే తిరిగి తీసుకొంటాయి. సీ భాషలో ఆ పని ప్రోగ్రామరుది. రెండూ కలిసినచోట, లైబ్రరీ ఇచ్చిన మెమరీని ఎవరు విడుదల చేయాలన్నది వివరణ పత్రంలోనే తెలియాలి. ఇద్దరూ విడుదల చేస్తే ప్రోగ్రాము పాడవుతుంది. ఎవరూ చేయకపోతే మెమరీ క్రమంగా నిండిపోతుంది. లైబ్రరీ తిరిగి పిలవడం కోసం పైథాన్ ఫంక్షనును దాని చేతికి ఇచ్చే సందర్భంలో మరింత జాగ్రత్త అవసరం. పైథాన్ వైపు ఆ ఫంక్షనును ఎవరూ పట్టుకొని లేరనుకొని దానిని తొలగిస్తే, లైబ్రరీ తరువాత ఎప్పుడో ఖాళీ ఇంటి తలుపు తడుతుంది.

వివిధ భాషలలో

జావాలో 1997 నుండి జేఎన్ఐ అనే పద్ధతి ఉన్నది. దీనికి సీ లేదా సీ ప్లస్‌ప్లస్‌లో మధ్యవర్తి కోడు వ్రాయవలసి ఉంటుంది. ఆ శ్రమ చాలామందికి విసుగు పుట్టించింది. 2024 మార్చిలో వెలువడిన జావా 22లో మధ్యవర్తి లేకుండా నేరుగా పిలిచే కొత్త ఏర్పాటు స్థిరపడింది. థామస్ హెల్లర్ రూపొందించిన సీటైప్స్ 2006లో పైథాన్ 2.5తో ఆ భాషలో భాగమయింది. ఏ సంప్రదాయంలో పిలవాలో ప్రోగ్రాము నడుస్తుండగానే నిర్ణయించి, విలువలను ఆయా రిజిస్టర్లలో సర్దే పనిని సీటైప్స్‌కు లిబ్‌ఎఫ్ఎఫ్ఐ అనే లైబ్రరీ చేసిపెడుతుంది. దీనిని ఆంథొనీ గ్రీన్ 1996లో మొదలుపెట్టాడు. రస్ట్ భాషలో అన్యభాషా ఫంక్షన్లను సాధారణంగా 'అన్‌సేఫ్' అన్న గుర్తు పెట్టిన చోట మాత్రమే పిలవనిస్తారు. ఆ గుర్తు ప్రమాదాన్ని తొలగించదు, పిలిచినవారి పూచీ అని ఒప్పిస్తుంది.

తెలుగు లిపి, 2018 నాటి సంఘటన

తెలుగు సంకేతాలను చూసి ఏ ఒత్తు ఏ అక్షరం కింద చేరాలో, గుణింతపు గుర్తు ఎక్కడ అంటుకోవాలో నిర్ణయించే పనిని షేపింగ్ అంటారు. విండోస్‌లో ఈ పనిని చిరకాలం యూనిస్క్రైబ్ అనే డీఎల్ఎల్ చేసింది. విండోస్ ఎక్స్‌పీలో తెలుగుకు గౌతమి ఫాంటుతోపాటు దీని సాయం అందింది. హార్ఫ్‌బజ్‌ను ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్ వాడుతున్నాయి. ఆపిల్ పరికరాలలో ఈ పని కోర్‌టెక్స్ట్ అనే లైబ్రరీది.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్ల 11.2.5 వెర్షనులో ఒక లోపం బయటపడింది. జ, పొల్లు, ఞ, వాటి తరువాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం, ఆపైన ఆకారపు దీర్ఘం వరుసగా వస్తే, ఆ పాఠ్యాన్ని చూపబోయిన అప్లికేషను కూలిపోయేది. మామూలుగా 'జ్ఞానం' అని వ్రాస్తే ఏమీ కాదు. మధ్యలో ఆ అదృశ్య సంకేతం ఉండాలి. వాట్సాప్ వంటి సందేశాల అప్లికేషన్లు, మెయిలు అప్లికేషన్లు దీనికి గురయ్యాయి. ఆ అక్షరం నోటిఫికేషనులో వస్తే ఫోను ముఖ్య తెరను నడిపే ప్రోగ్రాము సైతం కూలేది. మ్యాక్ కంప్యూటర్లలోనూ ఇదే జరిగింది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షనుతో లోపాన్ని సవరించింది. కోర్‌టెక్స్ట్‌లో మెమరీ చెడిపోవడమే కారణమని ప్రకటించి, దీనిని సీవీఈ-2018-4124 సంఖ్యతో నమోదు చేశారు.

వార్తాపత్రికలు దీనిని తెలుగు అక్షరం చేసిన చేటుగా వ్రాశాయి. తప్పు అక్షరానిది కాదు; బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని అక్షరాల వరుసలకు కూడా అవే పరికరాలు కూలాయి. కూలిపోయిన అప్లికేషన్లలోనూ తప్పు లేదు. అవి సరైన ఫంక్షనును సరైన పద్ధతిలోనే పిలిచాయి. అయితే లైబ్రరీ పిలిచినవారి మెమరీలోనే నివసిస్తుంది గనుక, అది పడితే పిలిచినదీ పడుతుంది. స్విఫ్ట్ వంటి జాగ్రత్తగల భాషలో వ్రాసిన అప్లికేషనుకు కూడా గీత అవతల ఆ జాగ్రత్త వర్తించదు.

భద్రత

లైబ్రరీని పేరునుబట్టి వెదకడం మోసానికి కూడా దారితీస్తుంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్, సీమెన్స్ పారిశ్రామిక నియంత్రణ సాఫ్టువేరులోని ఒక డీఎల్ఎల్ పేరు మార్చి, దాని స్థానంలో అదే పేరుతో తన ఫైలును ఉంచింది. పిలుపులన్నీ ముందు దానికే చేరేవి. అధిక భాగాన్ని అసలు లైబ్రరీకి అందజేసి, తనకు కావలసినవాటిని మాత్రం మార్చేది. 2024 మార్చిలో లినక్స్‌లో ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారి ఉన్నట్లు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కనుగొన్నాడు. రిమోట్ లాగిన్‌కు వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వరుకు ఫైళ్ళ కుదింపుతో పని లేదు. కాని కొన్ని లినక్స్ పంపిణీలలో అది వేరొక లైబ్రరీ ద్వారా దీనిని కూడా వెంటతెచ్చుకొనేది. ఒకసారి ఇంట్లో చేరిన తరువాత తాళంచెవులను పరీక్షించే ఫంక్షను వద్దకు పోవడానికి అడ్డేమీ లేకపోయింది.

నమ్మకం లేని లైబ్రరీని వేరొక ప్రాసెస్‌లో నడిపి సందేశాల ద్వారా మాట్లాడటం ఒక ఉపాయం. అయితే ప్రతి పిలుపుకూ ఆలస్యం పెరుగుతుంది. 2021 డిసెంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 95 మరొక మార్గం తొక్కింది. గ్రాఫైట్ అనే ఫాంటు లైబ్రరీతోసహా ఐదు లైబ్రరీలను ముందుగా వెబ్‌అసెంబ్లీలోకి, దాని నుండి తిరిగి యంత్రభాషలోకి మార్చి, ఒక్కొక్కదానికి కేటాయించిన మెమరీ హద్దు దాటకుండా కట్టుదిట్టం చేశారు. వాటి నుండి వచ్చే ప్రతి విలువనూ పరీక్షించిన తరువాతనే బ్రౌజరు వాడుకొంటుంది.